ఒక్క గుక్క డైలాగ్

మనవరాలు భువనకు ఎనిమిదో నెల గర్భంతో ఉండగా కరోనా వచ్చింది. ఫిల్మ్‌నగర్‌లో తెలుగు రాని హీరోయిన్లకు డబ్బింగ్ చెప్పే పిల్ల. పైగదిలో తలుపేసుకుంది. నేను తలుపు బయట కుర్చీ వేసుకున్నాను.

వేలికి తగిలించుకునే మిషన్‌లో ఆక్సిజన్ ఎంత ఉందని అడిగితే రోజూ తొంభై ఎనిమిదే అనేది. చిన్నప్పుడు లెక్కల మార్కులు కూడా ఇలాగే చెప్పేది. అందుకని పరీక్ష నేనే పెట్టాను.

"నీ నంబర్లు నాకొద్దు. మొన్న సినిమాకి చెప్పావే, ఆ కోర్టు సీను డైలాగు ఒక్క గుక్కలో చెప్పు."

"నీకంటే డైరెక్టరే నయం అమ్మమ్మా!" అంటూనే చెప్పేసేది. అది విన్నాకే నాకు కాఫీ గొంతు దిగేది.

అయిదో రోజు పొద్దున ఎంత పిలిచినా పలకలేదు. కూర్చోలేక వరండా అంతా తిరిగాను.

"ఏమే, మాట పడిపోయిందా? డైలాగు!"

కాసేపటికి వినిపించింది. ఎక్కడా తడబాటు లేదు. ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. హమ్మయ్య అనుకుని మెట్ల దాకా వెళ్లాను.

వెనక భువన గదిలోంచి మగగొంతు వినిపించింది: "టేక్ ఓకే మేడమ్!"

స్టూడియోలో ఎప్పుడో చెప్పిన డైలాగు. ఫోన్లో పెట్టి నాకు వినిపించింది, దొంగపిల్ల.

అంబులెన్స్‌కి ఫోన్ చేసి, మాస్కు తగిలించుకుని తలుపు తోశాను. మంచం మీద ఒగరుస్తోంది.

"నువ్వు... భయపడతావని..."

"మాట్లాడకు. ఆ ఊపిరి ఇద్దరికి కావాలి."