ఒక్క జొన్నగింజ

సంఘానికి పెద్ద కావలసినవాడు ఏసోబు. మిషను దొర యుద్ధానికి భయపడి ఓడెక్కి పోతూ ఆ పెత్తనం అతని చేతిలో పెట్టి పోవలసింది. పెట్టలేదు. అది అన్యాయం. ఇందులో వాదించడానికేమీ లేదు.

ఆ అన్యాయం చాలదన్నట్టు ఇప్పుడు ఎన్నిక.

ఆదివారం ఆరాధన అయినా గురజాల నుంచి వచ్చిన పాస్టరు ఎవరినీ లేవనివ్వలేదు. తాటాకు పాకలో మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క చాపల మీద కూర్చునే ఉన్నారు.

“ఇక దొర రాడు. మీ పెద్దను మీరే ఎన్నుకోవాలి. నిలబడేది ఇద్దరు, ఏసోబు, దేవసహాయం. ముందుముందు ఈ సంఘం ఎట్లా ఉండాలని దేవుడు తమకు చూపించాడో ముందు వాళ్ళు చెప్తారు,” అన్నాడు పాస్టరు.

ఏసోబు లేచాడు.

“నేను రాతి గుడి కడతా. నాపరాళ్ళ కప్పు. గంట కొడితే నాగులేరు అవతలకి వినపడాల. రాళ్ళు నేనే కొట్టా, నేనే తోలా. పునాది ఎక్కడో నాకు తెలుసు. తాగొచ్చినోణ్ణి గడప తొక్కనియ్యను.”

“అందులో మా పనేంది బావా?” అంది మార్తమ్మ. చనిపోయిన అతని భార్యకు చెల్లెలు.

“వచ్చి కూచోటం.”

ఆడవాళ్ళ వైపు నవ్వులు లేచాయి. నవ్వడానికి ఏముందో ఏసోబుకు అర్థం కాలేదు. కూర్చున్నాడు.

దేవసహాయం బడిపంతులు, వయసులో చిన్నవాడు. “నాకు కనపడింది తర్వాత. మీకు ఏం కనపడతందో చెప్పండి,” అన్నాడు.

మొదట ఒకరు నోరు తెరిచారు. తర్వాత ఆపడం కష్టమయింది. వానకు కారని కప్పు కావాలని ఒకామె అంది. వేలిముద్ర కాకుండా సంతకం పెట్టడం రావాలని ఒక రైతుకూలీ అన్నాడు. పిల్లలకు బడి కావాలని మార్తమ్మ అంది. “పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా నాకు తెలవటంలా,” అని ఇంకొకడు అంటే పాకంతా నవ్వింది.

“అయితే ముందు కప్పు. దాని కింద వారమంతా బడి, ఆదివారం గుడి. ఏసోబన్న రాళ్ళు గోడలకు సరిపోతయ్,” అన్నాడు దేవసహాయం.

ఏసోబు ఓడిపోతే పెత్తనమే కాదు, రాళ్ళూ పోతాయి. తన గుడి బలపాలు గీసుకునే పాక అవుతుంది. సొంత దర్శనమంటూ లేని మనిషి, వాళ్ళ నోటి మాటలే ఏరి వాళ్ళకే అప్పజెప్పాడు. దానికి జనం తలలూపుతున్నారు.

పక్కనున్న అల్లుడు సామేలు చెవిలో గొణిగాడు. “దిగులు పడమాక మామా. మనోళ్ళంతా నీకే.”

“మార్తమ్మ?”

“పిన్ని ఒట్టేసింది.”

పాస్టరు మనిషికొక జొన్నగింజ, ఒక కందిగింజ పంచాడు. “జొన్న ఏసోబుకు, కంది దేవసహాయానికి. ఆ మూల కట్టిన దుప్పటి చాటుకు పోయి అక్కడి కుండలో ఒకటి వెయ్యండి. రెండోది నమిలి మింగండి, ఎవరికీ తెలియదు.”

“పళ్ళు లేనోళ్ళ సంగతేంది అయ్యగారూ?” అంది ఒక ముసలామె.

“మింగెయ్యి అవ్వా.”

ఏసోబు నిలబడి అందరికీ వినపడేలా అన్నాడు. “నాకు నేను వేసుకోను. నా గింజ తమ్ముడు దేవసహాయానికే.”

“అయితే నాది అన్నకే,” అన్నాడు దేవసహాయం.

పాస్టరు ముఖం వెలిగిపోయింది. “ఆమెన్” అన్నాడు.

ఒకరి వెనక ఒకరు దుప్పటి చాటుకు వెళ్ళారు. ఏసోబు వంతు వచ్చేసరికి చెమటకు గింజలు రెండూ అరచేతికి అంటుకున్నాయి. ఒకదాన్ని గోటితో గీకి కుండలో వేశాడు. రెండోది నములుతూ వచ్చి కూర్చున్నాడు. మిగిలినవాళ్ళు వెళ్ళి వస్తుంటే ముఖాలు చూశాడు. అందరి దవడలూ ఒకేలా ఆడుతున్నాయి.

పాస్టరు కుండను చాటలోకి వంచాడు. చాట నిండా ఎర్రగా కందులు పరుచుకున్నాయి. వేలితో కలియబెట్టాడు. నడుమ తెల్లగా ఒక్క జొన్నగింజ బయటపడింది. మళ్ళీ కలియబెట్టాడు. అంతే.

ఏసోబు లేచి చాట దగ్గరికి వెళ్ళాడు. ఆడా మగా చుట్టూ మూగారు.

సామేలు దగ్గరికి జరిగాడు. “మామా, ఆ ఒక్కటీ నాదే. మిగతావాళ్ళు మోసం చేశారు.”

మార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంగింది. “బావా, ఆ గింజ నేనేసిందే. అక్క మీద ఒట్టు.”

వెనక నుంచి ముసలామె భుజం తట్టింది. “నాయనా, నేను జొన్నే ఏశా. కంది మింగలేక సచ్చా.”

పాస్టరు చెయ్యెత్తి అందరినీ కూర్చోబెట్టాడు. “ఈ జొన్నగింజ ఎవరిదో వేరే చెప్పాలా? మాట ఇచ్చినవాడు నిలబెట్టుకున్నాడు. ఏమయ్యా దేవసహాయం?”

దేవసహాయం తల వంచుకున్నాడు. “అన్నకే వేశానండి.”

“చూశారా! తనకు కాకుండా ఎదుటివాడికి వేసినవాడే మీ పెద్ద,” అన్నాడు పాస్టరు. పాకంతా స్తోత్రమంది. సామేలు చూరు వైపు చూశాడు. మార్తమ్మ చాప పుల్ల పీకుతూ కూర్చుంది.

“ఏసోబూ, నీ నోటితో కూడా ఒక మాట అను.”

అందరి తలలూ అతని వైపు తిరిగాయి. ఒక్క మాట అంటే చాలు, కొత్త పెద్ద మొదటి రోజే అబద్ధికుడని తేలిపోతుంది. రాళ్ళు నిలుస్తాయి. గుడి నిలుస్తుంది. ఏసోబు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని పాకలోంచి బయటికి నడిచాడు.

ఆ జొన్నగింజ వేసింది తనేనని ఏసోబు ఆ రోజు చెప్పలేదు, బతికినన్నాళ్ళూ ఇంకెవరికీ చెప్పలేదు.