మామగారి కారులో డెక్కు

గుమ్మానికి అడ్డంగా ఉన్న స్టూలును శశిధర్ కాలితో పక్కకు తన్నాడు.

"ఏమయ్యా, షాపులోకి జనం రావాలనుందా, లేదా?"

కౌంటర్ వెనక వంగి ఏదో చేసుకుంటున్న మనిషి ఉలిక్కిపడి లేచాడు. బక్కపలచటి మనిషి. మాసిన చొక్కా. మొహం నిండా చెమట. చేతిలో స్క్రూడ్రైవర్. కాళ్ల దగ్గర ఉబ్బిన గోనెసంచి.

సూర్యాపేటలో కారు స్టీరియోలకు ఇదే పేరున్న షాపని కోదాడలో ఎవరో చెప్పారు. పేరున్న షాపు మొహం ఇదా? శశిధర్ పెదవి విరిచాడు.

"సార్, నేను..."

"నీ కథలొద్దు. ముందు నా పని విను."

బయట వేపచెట్టు నీడలో తెల్ల అంబాసిడర్ నిలబడి ఉంది. మామగారిది. మిర్యాలగూడలో రైస్‌మిల్లు ఉన్న మనిషి కొత్త కారు కొనడు. ఆ పాత కారునే తుడుచుకుంటాడు. అందులో ఉన్న క్యాసెట్ డెక్కంటే మరీ ప్రాణం. పొద్దున్నే మిల్లుకు పోతూ పాటలు పెట్టుకుని తల ఊపుతుంటాడు. శశిధర్‌కు అది చూసినప్పుడల్లా నవ్వొచ్చేది. మొన్న ఏదో పనుందని ఆ కారు అడిగి తీసుకున్నాడు. నిన్న క్యాసెట్ ఇరుక్కుంటే పిడికిలితో ఒకటి గుద్దాడు. అంతే, డెక్కు మూగబోయింది.

మామ ఈ రాత్రికి సాగర్ నుంచి వస్తాడు. రేపు మిల్లు తాళాలు ఇద్దరల్లుళ్లలో ఒకరి చేతిలో పెడతాడు. "ఒక్క కారును సక్కగ సూసుకోనోడు మిల్లునేం సూసుకుంటడు?" అని అందరి ముందూ అననే అన్నాడు. మిర్యాలగూడలో రిపేరు చేయిస్తే సాయంత్రానికల్లా ఆయన చెవిన పడుతుంది. అందుకే ఈ సూర్యాపేట. అందుకే ఈ మొహం.

"ఆ డెక్కు పీకి పారేసి, పెన్‌డ్రైవ్ పెట్టుకునే కొత్త సెట్టు వేస్తావా? లేక దాన్నే బాగు చేస్తావా?"

"ఏది జేస్తే మంచిగుంటదంటరు సార్?"

"నన్నడుగుతావేంటయ్యా! షాపు నీదా, నాదా?"

ఆ మనిషి తల గోక్కున్నాడు. గుమ్మం వైపు చూశాడు. గుమ్మం నిండా శశిధరే ఉన్నాడు.

"కొత్తదే ఏసుకోండ్రి సార్. పాతది ఎంత బాగుజేసినా పాతదే గద."

"వేస్తే డ్యాష్‌బోర్డు కొయ్యాలా?"

"సూస్తెగని తెల్వది సార్."

"అసలు అంబాసిడర్‌కు ఎప్పుడైనా పెట్టావా?"

"లేదు సార్. గిదే మొదలు."

శశిధర్ పకపకా నవ్వాడు. "బోర్డు మాత్రం మూడు రంగుల్లో రాయించుకున్నావు."

అంతలో ఫోను మోగింది. భార్య సింధూజ.

"కొత్తది పెట్టిస్తున్నా," అన్నాడు.

"అయ్యో, పెట్టియ్యకు. నాయిన కారెక్కంగనే ముందు చెయ్యి దానిమీదికే పోతది. కొత్తది కనబడ్డదా, ఇగ మిల్లు చెల్లె మొగనికే."

"మీ నాన్న, ఆయన డబ్బా!"

"డబ్బానే. గా డబ్బా మోగితెనే మిల్లు. పాతదాన్నే బాగు చేయించు."

ఫోను పెట్టేసి శశిధర్ కౌంటర్ మీద చరిచాడు. "పాతదాన్నే బాగు చెయ్యి. సాయంత్రానికి మోగాలి."

ఆ మనిషి బయట ఉన్న కారు వైపు చూశాడు. "గీడ గాదు సార్. కారు తోలుకపోవాలె. గీ సందు అవతల నాకు తెలిసినోడున్నడు."

"అంటే, నీకు ఈ పని కూడా రాదన్నమాట."

"రాదు సార్."

"డ్రైవింగైనా వచ్చా?"

"అది మంచిగొస్తది సార్."

తనూ వెంట వెళ్లాలా అని శశిధర్ ఒక్క క్షణం అనుకున్నాడు. బయట ఎండ మండిపోతోంది. ఇలాంటివాడి పక్కన కూర్చుని సందులు తిరగడమా? లోపల ఫ్యాను కింద మెత్తటి కుర్చీ ఉంది. జేబులోంచి కారు తాళాలు తీసి కౌంటర్ మీదికి విసిరాడు.

"గీత పడిందంటే తోలు తీస్తా. వచ్చేటప్పుడు కడిగించుకునిరా."

"అట్లనే సార్."

"ఆ సంచి ఒకటి, కాళ్లకు అడ్డం! అదీ పట్టుకుపో."

ఆ మనిషి సంచి ఎత్తి భుజాన వేసుకున్నాడు. బరువుకు నడుం వంగింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"మీరు మంచోళ్లు సార్."

"తెలుసులే, కదులు."

అంబాసిడర్ కుదుపు లేకుండా కదిలి మలుపు తిరిగింది. బండి తోలడమైనా సరిగ్గా నేర్చాడు వెధవ అనుకున్నాడు శశిధర్.

కుర్చీలో వెనక్కి వాలి, కాలు మీద కాలేసుకుని, మిల్లు చేతికి రాగానే ముందు ఎవర్ని పీకేయాలో ఆలోచించాడు. తోడల్లుడు గుర్తొచ్చాడు. హమాలీలను కూడా 'అన్నా' అని పిలుస్తాడు. వాడికా మిల్లు! మళ్లీ సింధూజకు ఫోన్ చేశాడు.

"పని అయిపోయినట్టే. ఇలాంటోళ్ల దగ్గర గొంతు పెంచాలి. లేకపోతే నెత్తినెక్కి కూర్చుంటారు."

"జర మర్యాదగ మాట్లాడు. పని జేసేటోళ్లు."

"మర్యాద వీళ్లకెందుకు?" అంటూ ఫోన్ పెట్టేసి, ఫ్యాను గాలికి కళ్లు మూసుకున్నాడు.

శుక్రవారం నమాజు ముగించుకుని వచ్చిన షాపు యజమాని ఖాజామియా, ఖాళీ అయిన అరలను ఒకసారి, తన కుర్చీలో కునుకు తీస్తున్న ముక్కూమొహం తెలియని మనిషిని ఒకసారి చూసి, వాడి కాలర్ పట్టుకుని "దొర్కిండు దొంగ!" అని బజారంతా వినబడేలా అరిచాడు.