సముద్రం ఏ రంగు?

"పనివాళ్లు గుమ్మం దగ్గరే ఆగాలి" అంది హెడ్‌మిస్ట్రెస్ రోజారమణి, తలెత్తకుండానే.

కాసులమ్మ చేతిలో వాటర్ బాటిల్‌తో గుమ్మంలోనే ఆగిపోయింది.

లోపల కుర్చీలో ఆశ కూర్చుంది. స్టీల్‌ప్లాంట్ ఆఫీసరు భార్య. గంగవరం నుంచి కాసులమ్మ తెచ్చే చేపలు తప్ప ఇంకొకరివి కొనదు. పక్కన సన్నీ. తలకు నూనె, మెడకు పౌడరు, కొత్త బూట్లు. పొద్దున్నే వాడికి నీళ్లు పోసి తయారుచేసింది కాసులమ్మే.

ఈ గుమ్మం ఆమెకు కొత్త కాదు. నిరుడు కొడుకును ఎల్‌కేజీలో వేద్దామని చంకనెత్తుకుని వచ్చింది. రోజారమణి వాడితో ఐదు నిమిషాలు మాట్లాడి, వరండాలో కూర్చున్న వాళ్లందరికీ వినపడేలా తేల్చేసింది.

"మట్టిబుర్ర. తల్లి ఎలాగో పిల్లాడూ అలాగే. బడెందుకమ్మా, గంప మోయించు."

ఏడాదైనా ఆ మాట గొంతులో చేపముల్లులా దిగబడే ఉంది. అన్నం ముద్ద మింగితే పోయే ముల్లు కాదది. దాన్ని ఈవిడ చేతే మింగించాలి. తన కొడుకు ఈ బడిలోనే చదవాలి. అందుకే వచ్చింది.

రోజారమణి అప్లికేషన్‌ని పక్కకు తోసింది.

"ముందు కాగితాలు చూసే అలవాటు నాకు లేదండీ. ఐదు నిమిషాలు మాట్లాడితే చాలు, బుర్రలో ఎంతుందో చెప్పేస్తాను. ఏటా మూడొందల మందిని చూస్తాను, మొహాలు గుర్తుండవు గానీ తెలివి మాత్రం ఇట్టే పట్టేస్తాను."

"వాణ్నే అడగండి మేడమ్" అంది ఆశ.

"బాబూ, సముద్రం ఏ రంగు?"

సన్నీ కాస్త ఆలోచించాడు. "ఏ పూట?"

నిరుడు కాసులమ్మ కొడుకు అన్నదీ ఈ మాటే. అప్పుడు ఈవిడ మొహం చిట్లించింది. ఇప్పుడు కుర్చీలో ముందుకు జరిగింది.

"అబ్బ! ఎదురు ప్రశ్న చూశారా! సరే, చెప్పు."

"పొద్దుటేల నల్లగుంటాది. ఎండొత్తే పచ్చగుంటాది. గాలి తిరిగితే మట్టి రంగు. అప్పుడు ఏటకి ఎల్లకూడదు."

"ఎవరు చెప్పారు?"

"మాయమ్మ."

రోజారమణి ఆశ వంక మెచ్చుకోలుగా చూసింది. "తల్లి నేర్పితే ఇలా ఉంటుంది! ఆ యాస ఒక్కటే..." అంటూ గడ్డంతో గుమ్మం వైపు చూపించింది. "వీళ్ల దగ్గర అంటుకుంది. నెల్లాళ్లలో వదిలించేస్తాను."

సన్నీ గుమ్మం వైపు తిరగబోయాడు. కాసులమ్మ కళ్లతోనే అదిలించింది.

"వలలో పది చేపలు పడ్డాయి. రెండు పారిపోయాయి. ఎన్ని మిగిలాయి?"

"వలకి సిల్లు పడితే రెండేటి? అన్నీ పోతాయి."

రోజారమణి పకపకా నవ్వింది. పచ్చ సిరా పెన్ను తీసి అప్లికేషన్ మీద రాస్తూ, కిటికీలోంచి వరండాకు వినపడేలా చదివింది. "అసాధారణమైన తెలివి. ఇంత చురుకైన పిల్లవాణ్ని ఇంతవరకు చూడలేదు. సీటు ఇవ్వడమైనది." సంతకం చేసి, స్టాంపు గుద్దింది. "తల్లి ఎలాగో పిల్లాడూ అలాగే!"

"ఇక మార్చరు కదా మేడమ్?" అంది ఆశ.

"నా సంతకం పడ్డాక దేవుడు దిగొచ్చినా మారదు." ఆ ఊపులోనే గుమ్మం వైపు చూసింది. "ఏమ్మా, నీకూ పిల్లలున్నారా?"

"ఒక్కడేనండి."

"చూసి నేర్చుకో, పిల్లల్ని ఎలా పెంచాలో."

"సూత్తన్నానమ్మ" అంది కాసులమ్మ. "కళ్లారా సూత్తన్నాను."

రోజారమణి అప్లికేషన్‌ని ఆశ వైపు తిప్పి, అడుగున ఉన్న గీత మీద వేలు పెట్టింది. "ఇక్కడ తల్లి సంతకం."

కాసులమ్మ లోపలికి వచ్చి, వాటర్ బాటిల్ ఆశ చేతికిచ్చి, పెన్ను తీసుకుని, ఐదో తరగతితో ఆగిపోయిన గుండ్రటి అక్షరాల్లో ఆ గీత మీద తన పేరు రాసింది.