దాచుకున్న పొగ

మా అత్తా మావయ్యా నీళ్లు కాచుకోవడం మానేసి చాలా ఏళ్లయింది. మనిషి ఇంత పొగే పెట్టాలని సర్కారిచ్చే కోటాని తమ చితుల కోసం దాచుకున్నారు.

మావయ్య పోయిన పొద్దున చితికి పంచాయతీ సరేనంది. రాష్ట్రమూ సరేనంది. కేంద్రం ఒప్పుకోలేదు. రూలు మారిందట. దాచుకున్న పొగ మనిషితోపాటే పోతుందట.

"మాకెవరూ చెప్పలేదే!" అన్నాను.

"మాకూ చెప్పలేదమ్మా," అన్నాడు సర్పంచి తలొంచుకుని.

మా ఆయన నిప్పులేని కుండ పట్టుకుని పాడె ముందు నిలబడిపోయాడు.

అత్త లేచొచ్చింది. "నేనింకా బతికే ఉన్నాను కదా. నా పొగ ఆయనకి రాసెయ్యండి."

"మరి నీకో, అత్తా?"

"నన్ను మట్టి చేసెయ్యండే. ఇన్నేళ్లూ చన్నీళ్లే పోసుకున్నాను. చలి నాకేం కొత్త?"