ఒక్కటే పీసు

“రేపు ఉదయం ఏడింటికి కూచిపూడిలో ఉండండి. ఇరవై చీరలు, కట్టుకోవడానికి నలుగురు డాన్సు అమ్మాయిలు. అన్నీ ఫిల్ము మీదే తియ్యాలి. నాకు నచ్చితే ఏడాది పొడుగునా మీరే తీద్దురుగాని.”

చేనేత చీరల వ్యాపారి రాజ్యశ్రీ గారు ఫోను పెట్టేయగానే ఫిన్నీ భార్యను రెండు చేతులా ఎత్తి వంటింట్లో గిర్రున తిప్పాడు. హెప్సిబాతో పాటు ఆమె చేతిలోని గరిటె, గరిటెకున్న దోసెల పిండి కూడా తిరిగాయి. రెండో చుట్టు సగంలో అతను ఆగిపోయాడు.

“హెప్సీ... మీటరు!”

ఆమె నవ్వు కూడా ఆగిపోయింది. వెలుతురు ఎంతుందో కొలిచి చెప్పే మీటరు అతని పాత కెమెరాలో ఎప్పుడో చచ్చిపోయింది. ఫోనులో ఉన్నదాన్ని నమ్ముకుంటే పోయినసారి సగం ఫొటోలు మసిబారి వచ్చాయి. ఫిల్ము మీద తీసింది అక్కడికక్కడే చూసుకోవడానికి ఉండదు. రేపు తప్పు జరిగితే రీలు కడిగించాకే తెలుస్తుంది. అప్పటికి రాజ్యశ్రీ గారు ఇంకొకరిని పిలిచేసుకుంటారు.

“స్కూటీ తియ్యండి,” అంది స్టవ్ ఆపుతూ.

గవర్నరుపేటలో మేడమెట్ల కింద ఉన్న కెమెరాల కొట్టు అది. యజమాని సాయిగణేష్ అద్దాల బల్ల మీద రెండు మీటర్లు పెట్టాడు. ఒకటి సబ్బుపెట్టె అంత, లోపల ముల్లు. రెండోది కెమెరా నెత్తికెక్కి కూర్చునేది, బటన్లు ఆవగింజలంత. మూడోది బల్లకి ఇవతల నిలబడ్డ ఒక పెద్దాయన చేతిలో ఉంది. అగ్గిపెట్టె అంత ముద్దుగా, పైన తెల్లటి బుడిపెతో.

“అదోసారి చూపిస్తారా?” అన్నాడు ఫిన్నీ.

“ఆయన చూస్తున్నారు కదండీ. ఒక్కటే పీసు.”

పెద్దాయన ఇటు తిరిగాడు. “అమ్మాయ్, ఏమీ అనుకోకపోతే ఒక్క నిమిషం అలా గుమ్మంలో నుంచుంటావా?” హెప్సిబా నుంచుంది. ఆమె బుగ్గ దగ్గర మీటరు పట్టుకుని నొక్కి చూసి తలాడించాడు. తర్వాత ఫిన్నీతో, “బాబూ, ఆ ముల్లుదాన్ని అమ్మాయి చీరకి పెట్టు. ఇప్పుడు నీ చొక్కాకి పెట్టు,” అన్నాడు.

మెరూన్ చీర ముందు ముల్లు పడుకుంది. తెల్లచొక్కా ముందు ఎగిరి దూకింది.

“చూశావా? రంగు మారితే మాట మారుస్తుంది. ఆ రెండోదీ అంతే. ఇది రంగు జోలికే పోదు. మనిషి మీద ఎంత వెలుతురు పడుతోందో అంతే చెప్తుంది.”

ఫిన్నీ లెక్కేసుకున్నాడు. ఇరవై చీరలు, ఇరవై రంగులు. “మనకి కావాల్సింది అదే హెప్సీ,” అన్నాడు చెవిలో.

పెద్దాయన మీటర్ని జేబురుమాలుతో తుడుస్తున్నాడు, అప్పుడే తనదైపోయినట్టు.

“సార్, మాకు రేపు పొద్దున్నే పనుందండీ. మీరు ఇంకోటి చూసుకోకూడదా?”

“పనులు అందరికీ ఉంటాయి బాబూ. నేను ఆర్నెల్ల నుంచి వెతుకుతున్నాను.”

“మద్రాసు నుంచి తెప్పిస్తానండీ, పది రోజులాగండి,” అన్నాడు సాయిగణేష్ ఫిన్నీ వంక జాలిగా చూస్తూ.

హెప్సిబా ఒక అడుగు ముందుకేసింది. “బాబాయి గారూ,” అంది గబగబా, “మా ఇంట్లో విశేషం అండీ.”

తను చెప్పబోయింది రాజ్యశ్రీ గారి పని గురించే. కానీ పెద్దాయన చెయ్యి గాలిలో ఆగిపోయింది. సాయిగణేష్ మొహం వెలిగిపోయింది.

“అయ్యో, కూర్చోండమ్మా! ఎన్నో నెల?”

ఫిన్నీకి పొలమారింది. “అది కాదండీ...” అంటుండగా హెప్సిబా అతని కాలు తొక్కింది.

“రెండండీ,” అంది తల దించుకుని.

పెళ్లయిందే రెండు నెలల కిందట.

పెద్దాయన ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత మీటర్ని ఆమె అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు. “తీసుకో తల్లీ. బిడ్డ మొదటి ఫొటో దీంతోనే చూసి తియ్యమను.”

ఆ మాట విన్నాక బేరమాడటానికి వాళ్లకి నోరు రాలేదు. చెప్పినంతా ఇచ్చి బయటపడ్డారు.

ఏలూరు రోడ్డు సిగ్నల్ దగ్గర బండి ఆగింది. హెప్సిబాకి ఒళ్లోని చిన్న డబ్బా కుంపటిలా తగులుతోంది.

“వెనక్కి తిప్పండి.”

“ఏమైంది?”

“ముసలాయన ఆర్నెల్లు వెతుక్కున్నాడండీ. అంత మాట చెప్పి లాక్కొచ్చాను. ఆదివారం చర్చిలో ఏ మొహం పెట్టుకుని కూర్చోను? వెళ్లి నిజం చెప్పేస్తాను.”

“చెప్తే తిరిగిచ్చెయ్యమంటాడేమో.”

“ఇచ్చేద్దాం.”

“మరి రేపు?”

పచ్చలైటు పడింది. వెనక ఆటోవాడు హారను మోగించి తిట్టాడు. ఫిన్నీ అద్దంలో ఆమె మొహం చూశాడు. కళ్లు నిండి ఉన్నాయి. బండి తిప్పాడు.

కొట్టు షట్టరు సగానికి దించి ఉంది. లోపల క్యారేజీ గిన్నెల చప్పుడు, ఆవకాయ వాసన. ‘పోనీ, ఆయన ఎటు వెళ్లాడో కొట్టతన్ని అడుగుదాం,’ అనుకుంటూ హెప్సిబా మీటరు డబ్బా గుండెకి హత్తుకుని షట్టరు కిందికి వంగింది.

లోపల ఒకే క్యారేజీ ముందు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటున్నారు.

“ఆ రకంవి ఇంకా నాలుగున్నాయి నాన్నా,” అంటున్నాడు సాయిగణేష్ పెద్దాయనకి పెరుగు వడ్డిస్తూ, “రేపు పదింటికల్లా వచ్చి ఇంకోటి పట్టుకుని నిలబడు.”