చింతపండు మనిషి

దాసమ్మ ఆ మనిషి చెంప ఛెళ్లుమనిపించింది.

అయినా అతను కదల్లేదు. నేల మీద పడి ఉన్న ఆమె మొగుడు ఓబన్న రొమ్ము మీద రెండు చేతులూ ఆనించి, బలమంతా పెట్టి నొక్కుతూనే ఉన్నాడు.

"సంపుతాండాడు! నా మొగున్ని సంపుతాండాడు, రండప్పా!"

పక్క చేన్లో కలుపు తీస్తున్నవాళ్లంతా ఆ కేకకు పరుగెత్తుకొచ్చారు.

తాడిమర్రి దగ్గరి ఆ ఊళ్లో ఫ్యూజు పోతే లైన్‌మన్ కోసం ఎవరూ కాచుకుని కూర్చోరు. పైరు ఎండిపోతుంటే ఎవరికి ఓపిక ఉంటుంది? స్విచ్ దించడం, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఎక్కడం, వైరు చుట్టి దిగడం, అంతా రైతులే చేసుకుంటారు. ఓబన్న కూడా స్విచ్ దించాకే ఎక్కాడు. కానీ స్విచ్‌లో ఒక లైను విడిపోకుండా అతుక్కునే ఉండి, కరెంటు వస్తూనే ఉందని చూసుకోలేదు. పెద్ద చప్పుడు, మంట. మనిషి ఎగిరి అవతల పడ్డాడు.

అదే దారిన మోపెడ్ మీద చింతపండు మూటలేసుకుని పోతున్న ఈ కొత్త మనిషి, బండిని అక్కడే పడేసి ఉరికొచ్చాడు.

ఓబన్న వాళ్లన్న శ్రీరాములు అతని చొక్కా పట్టుకొని వెనక్కి లాగాడు.

"ఇడుసప్పా! ఊపిరి వస్తాండాది, ఇప్పుడే వస్తాండాది! ఆటో పిల్వండి, బిర్నా ఆస్పత్రికి పోవల్ల," అని అరిచాడు కొత్త మనిషి.

"కరెంటు కొట్టినోన్ని ముందు మట్టిలో పూడ్చల్లప్పా. ఒంట్లో కరెంటంతా నేల లాగేస్తాది. ఆస్పత్రి ఆనక," అన్నాడు శ్రీరాములు.

ఇలాంటప్పుడు ఊళ్లో ప్రతివాడూ డాక్టరే. అప్పటికే ఇద్దరు పారలు తెచ్చి గుంత తవ్వుతున్నారు.

గుంత చూడగానే కొత్త మనిషికి పిచ్చెక్కినట్లయింది. అందులోకి దూకి బోర్లా పడుకున్నాడు.

"నన్ను పూడ్చండి! ఆయప్పను పూడ్చద్దండి, మీకు దండం పెడతా!"

నలుగురూ కలిసి అతన్ని బయటికి ఈడ్చారు. తలా ఒక దెబ్బ వేశారు. దాసమ్మ చెప్పు తీసుకుంది.

"మళ్లా ఈ పక్క కనపడితే కాళ్లు ఇరగ్గొడతాం," అని శ్రీరాములు ఊరి పొలిమేర దాకా తరిమాడు. మోపెడ్‌ను తన ఇంటి ముందు పెట్టుకున్నాడు.

ఓబన్నను మెడ దాకా తడిమట్టిలో పూడ్చారు. కాసేపటికి అతను మూలిగాడు. మట్టి మహిమ అన్నారంతా. దాసమ్మ నేల తల్లికి మొక్కింది.

బయటికి తీశాక చూస్తే కుడిచెయ్యి నల్లగా కమిలి, ఉబ్బిపోయి ఉంది.

ధర్మవరం ఆసుపత్రిలో చూసి అనంతపురం పంపారు. అక్కడ మోచేతి పైదాకా చెయ్యి తీసేశారు. కాలికి కూడా గాయమైంది, అది మాననంటే తొడ చర్మం తీసి అతికించారు. కట్టు విప్పే గదిలోంచి మొగుడి కేకలు వినలేక దాసమ్మ కొంగు చెవుల్లో కుక్కుకునేది.

ఒకరోజు డాక్టర్ హరిత అడిగింది.

"పక్కటెముకలు కూడా విరిగాయి. ఈయన రొమ్ము నొక్కింది ఎవరమ్మా?"

"ఎవడో చింతపండోడు మేడమ్. ఆ పాపిష్టోని చేతులు పడిపోను!"

"అట్లా అనకమ్మా. ఆగిన గుండెను ఆ చేతులే మళ్లీ ఆడించాయి. ఆయన లేకపోతే మీరు ఇక్కడికి తెచ్చేది శవాన్నే."

దాసమ్మ మొగుడి కట్టు వైపు చూసింది. "మరి... చెయ్యి?"

"పైకి కొంచెమే కనిపించినా లోపల కండ బాగా కాలింది. గాయంలోకి మట్టి పోయి చీము పట్టింది, తేవడమూ ఆలస్యమైంది. వెంటనే తెచ్చుంటే నిలిచేదేమో. గట్టిగా చెప్పలేను."

ఆ రాత్రి ఆమెకు అన్నం దిగలేదు. చెప్పు పట్టిన తన చెయ్యిని నరికి పారేయాలనిపించింది.

ఇంటికొచ్చాక ఓబన్న ఎడమ చేత్తో ముద్ద కలుపుకోవడం నేర్చుకుంటూ, రోజూ ఒకటే మాట.

"ఆయప్ప కాళ్లు మొక్కల్ల. యాడుండాడో ఎతకండి."

ఊళ్లో ఆటో నడిపే వీరేష్ హిందూపురం చింతపండు మార్కెట్లో ఆరా తీశాడు. మనిషి పేరు ఇస్సాకు. ఊరు పెనుకొండ పక్కనే.

వీరేష్ ఆటోలో మొగుడూ పెళ్లాలు, వెనకాల ఆ మోపెడ్ మీద శ్రీరాములు వెళ్లారు. తలుపు తీసిన ఇస్సాకు పెళ్లాం సుశీలమ్మ ముందు బండిని చూసింది. ఆ తర్వాత ఓబన్న ఖాళీ చొక్కా చెయ్యిని చూసింది.

"నువ్వేనా నాయనా? బతికినావా?"

"మీ ఆయన పుణ్యాన బతికినాడమ్మా," అంది దాసమ్మ. "యాడుండాడు ఆయప్ప?"

"యాడుండాడు తల్లీ! బండి లేకపాయె. మూట నెత్తిన పెట్టుకొని ఎండలో ఊర్లు తిరిగినాడు. ఎండదెబ్బకు పోయినాడు. మీ పక్క నుంచి ఎవరొచ్చినా, ఆయప్ప బతికినాడా అని అడుగుతాండె."

శ్రీరాములు తలెత్తలేకపోయాడు. దాసమ్మ సుశీలమ్మ కాళ్లు పట్టుకుంది.

"ముక్కూ మొగం తెలీని మాకోసం అన్ని దెబ్బలు ఎందుకు తిన్నాడమ్మా? గుంతలో పండుకున్నాడు గదమ్మా!"

సుశీలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"మా పెద్దోడు పోయినాక ఆస్పత్రోళ్ల కాళ్లావేళ్లా పడి, ఆ రొమ్ము నొక్కేది నేర్చుకున్నాడమ్మా. వానికీ కరెంటే కొట్టినాది. ఆస్పత్రికి పోదామని నేను ఎంత మొత్తుకున్నా ఇనకుండా, గుంత తవ్వి వాన్ని పూడ్చింది మా ఆయనే."