చిక్కుముడికి ముందు కథ

"సేటు స్టీరింగు ఎందుకు ముట్టడో నిన్న చెప్పిండ్రు," అంది విమల, పప్పు వడ్డిస్తూ.

అన్నం కలుపుతున్న రామేశ్వర్ చెయ్యి ఆగింది.

'చిక్కుముడి' సీరియల్ వచ్చినన్నాళ్లూ ఆ వేళకు చేవెళ్ల బజారు సగం ఖాళీ అయ్యేది. జైలు నుంచి వచ్చిన డ్రైవరు తన పాత సేటును చంపడంతో మొదలై, ఆ డ్రైవరుకు ఉరి పడటంతో ముగిసిన కథ. ఎందుకు చంపాడో చెప్పలేదు. ఇంటి ముందు కారు పెట్టుకుని సేటు బస్సుల్లో ఎందుకు తిరిగేవాడో కూడా చెప్పలేదు. ఊరంతా సేటు కోసం ఏడ్చింది, డ్రైవరును తిట్టింది. ఆ చిక్కులన్నీ విప్పే ముందుభాగం మొదలైందని విమల చెప్పినప్పుడు రామేశ్వర్ సంబరపడ్డాడు.

సీరియల్ వేళకు అతను దుకాణంలో ఉంటాడు. మొయినాబాద్ చుట్టూ సాఫ్ట్‌వేర్ వాళ్ల ఫాంహౌస్‌లు లేస్తున్న రోజులు. రంగులు, పైపులు అమ్మే దుకాణంలో బేరాలతో ఊపిరాడదు. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు, రాత్రి చూసిన కథ విమల చెబుతుంది. మొదటి సీరియల్ మొత్తం అతను అలాగే విన్నాడు. పెళ్లయినప్పటి నుంచీ సినిమాలైనా అంతే, అన్నీ పప్పన్నంతో పాటే.

"ఎందుకట?" అన్నాడు మెల్లగా.

"తాగి కారు తోలి ఒకాయన్ని గుద్దిండు. పానం పోయింది. డ్రైవరు తన మీద ఏసుకున్నడు. అప్పటిసంది సేటు స్టీరింగు ముట్టలే. తినుండ్రి, చల్లారుతున్నది."

రామేశ్వర్ ముద్ద మళ్లీ కంచంలో పెట్టేశాడు. ఎంకపల్లి దారిలో మనిషి పోయిన ఆ సాయంత్రం కారు నడిపింది తనే. ఎవరిదో ఫాంహౌస్ గృహప్రవేశంలో తాగాడు. కొత్త కారు మోజులో డ్రైవరు యాదగిరిని పక్కన కూర్చోబెట్టి తనే తోలాడు. సైకిలు మీద పోతున్న అంతయ్య కనబడేలోపే అంతా అయిపోయింది. "మీరు దిగుండ్రి సేటు, నేనే తోలిన అని చెప్త," అన్నాడు యాదగిరి. రామేశ్వర్ దిగాడు. మాటవరసకైనా వద్దనలేదు. ఈ సంగతి మూడో మనిషికి తెలియదని అతని ధీమా.

ఇప్పుడు ఆ కారు కవరు కప్పుకుని ఇంటి ముందే ఉంది. రామేశ్వర్ ఆటోలో తిరుగుతున్నాడు. లైసెన్సు పోయిన యాదగిరి దుకాణంలో రంగు డబ్బాలు మోస్తున్నాడు. సోమవారం కోర్టులో తీర్పు.

"నా ఫికర్ చెయ్యకుండ్రి సేటు. నీలమ్మకు మాత్రం జర ధైర్యం చెప్పుండ్రి," అన్నాడు యాదగిరి ఆ మధ్యాహ్నం దుకాణంలో, డబ్బా దించుతూ. భార్య గురించి అతను అడిగింది అంతే. రామేశ్వర్ అతని మొహం చూడలేక పైపులు సర్దాడు. పాపాత్ముణ్ని అనుకున్నాడు. అనుకోవడం వరకు రోజూ అనుకుంటూనే ఉన్నాడు.

మర్నాడు విమలను అడిగాడు, "ఆ కథ రాసినోడు ఎవడు?"

"పేర్లు పడేటప్పుడు నేను వంటింట్ల ఉంటి."

ఉండబట్టలేక ఒకరోజు దుకాణం పెందలాడే కట్టేసి వచ్చాడు. టీవీ మీద పూలు కుట్టిన గుడ్డ కప్పి ఉంది.

"ఇయ్యాల క్రికెట్ అని సీరియల్ ఎత్తేసిండ్రు," అంది విమల.

బతికానురా అనుకున్నాడు. నిజానికి ఆ కథను కళ్లతో చూసే ధైర్యం అతనికి లేదు. మళ్లీ తొందరగా రాలేదు.

శనివారం భోజనంలో కథ ఇంకా ముందుకు పోయింది.

"సేటు అంగీ జేబుల అద్దం పెంకులు దొరికినయి."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు రామేశ్వర్ చెయ్యి జేబు మీదికి పోయింది. "ఎవరికి?"

"పెండ్లానికే. ఉతికేది ఆమెనే గదా."

"మరి ఆమె ఏం చేసింది?"

"ఏం చేస్తది? పెంకులు పారేసింది. అంగీ ఉతికింది. నోరు మూసుకున్నది. సేటు కంటె ఆమెదే పెద్ద పాపం అనిపిస్తది నాకు." ఆమె గొంతు జీరబోయింది. సీరియల్ చూసి ఏడవడం ఆమెకు మామూలే, అతను పట్టించుకోలేదు.

ఆదివారం దుకాణం తెరవలేదు. కంచం ముందు కూర్చున్నాడే గాని అన్నం ముట్టలేదు.

"ఆఖర్ల సేటు ఒప్పుకుంటడా, విమలా?"

"ఒప్పుకుంటే మొదటి సీరియల్ ఎక్కడిది? ఒప్పుకోలేదు కాబట్టే గదా ఆ మంచోడు కత్తి పట్టిండు. ఎట్ల ముగుస్తదో మనకు ముందే ఎరుక. అందుకే చెప్తుంటే నాకు కడుపు తరుక్కపోతున్నది."

రామేశ్వర్ లేచి చెయ్యి కడుక్కున్నాడు.

"నేను పోలీస్ స్టేషన్‌కు పోయొస్త."

ఎందుకని విమల అడగలేదు. ఉతికిన అంగీ తెచ్చి చేతికిచ్చింది.

స్టేషన్‌లో అతను చెప్పిందంతా హెడ్ కానిస్టేబుల్ అబ్రహాము రాసుకున్నాడు. రామేశ్వర్ సంతకం పెట్టాడు. అంతయ్య పోయిన నాటి నుంచీ గుండెల మీద ఉన్న బండ దిగినట్టయింది. భయం మాత్రం అలాగే ఉంది.

"ఇన్నాళ్లు దాచి, ఇయ్యాల ఎందుకు చెప్పబుద్ధయింది సేటు?"

"చిక్కుముడి ముందుభాగం వస్తున్నది గదా సార్. అండ్ల అచ్చం నా కథనే. ఎవడు రాసిండో, నా లోపల కూసొని రాసినట్టే ఉన్నది. మీరు చూస్తలేరా?"

అబ్రహాము కలం కింద పెట్టి అతని మొహంలోకి వింతగా చూశాడు.

"చిక్కుముడి ఒక్కరోజు ఇడువకుండ చూసినోణ్ణి సేటు, దానికి ముందుభాగం అని ఏ చానల్‌ల రానేలేదు."